'టూ హ్యాపీ' అంటే ఎంత సంతోషం? 'వెరీ'కి, 'టూ'కి తేడా తెలియాలంటే వరంగల్ పత్తి మార్కెట్ చూడాల్సిందే..

వరంగల్: ఇంగ్లిష్‌లో మూడే మూడు అక్షరాల మాట 'టూ'. స్కూల్ పిల్లల దగ్గర్నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల దాకా అందరి నోటా రోజూ వినిపించేదే. "ఐ యామ్ టూ హ్యాపీ సర్", "దిస్ కాలేజ్ ఈజ్ టూ గుడ్", "మై ఫాదర్ ఈజ్ టూ హానెస్ట్".. స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుల్లో, క్యాంపస్ ఇంటర్వ్యూల్లో ఇలాంటి వాక్యాలు మామూలే. చెప్పేవాళ్ల ఉద్దేశం 'చాలా' అని. కానీ ఇంగ్లిష్‌లో ఆ పని చేసే మాట 'వెరీ'. 'టూ' అంటే చాలా కాదు.. 'మరీ'. ఉండాల్సిన దానికంటే ఎక్కువ, ఇబ్బంది పెట్టేంత ఎక్కువ అని. ఈ లెక్కన "మై ఫాదర్ ఈజ్ టూ హానెస్ట్" అంటే మెచ్చుకోలు కాదు. "మా నాన్నది మరీ అంత నిజాయితీ, దాంతోనే వచ్చింది తంటా" అని ఫిర్యాదు చేసినట్టు వినిపిస్తుంది.

గ్రామర్ పుస్తకాలు ఈ తేడాని ఒక్క లైన్‌లో చెప్పేసి ముందుకెళ్లిపోతాయి. ఆ లైన్ పరీక్షలో మార్కు తెస్తుంది కానీ నోటికి పట్టదు. అదే విషయం పత్తి రైతుని అడిగితే ఇంగ్లిష్ ఒక్క ముక్క రాకపోయినా అరటిపండు ఒలిచినట్టు చెప్పేస్తాడు. ఎందుకంటే ఆ తేడా దగ్గరే ఆయన డబ్బులు ఆగిపోతాయి.

12 శాతం దాటితే 'టూ'

వరంగల్ ఏనుమాముల మార్కెట్ అంటే పత్తికి, మిర్చికి పెట్టింది పేరు. పత్తి అమ్మకంలో అన్నిటికంటే ముందు చూసేది తేమ. రైతుల భాషలో చెప్పాలంటే 'మాయిశ్చర్'. కేంద్ర ప్రభుత్వ సంస్థ కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే సీసీఐ, మద్దతు ధరకి పత్తి కొనాలంటే తేమ 8 శాతం లోపు ఉండాలి. అప్పుడే పూర్తి ధర. 8 దాటి 12 వరకు ఉంటే కొంటారు కానీ పెరిగిన ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోత పెడతారు. 2024-25 సీజన్‌లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాల్‌కు రూ.7,521. అదే పత్తి 12 శాతం తేమతో వస్తే దాదాపు రూ.7,220. తేమ 12 శాతం దాటిందా.. ఇక సీసీఐ కొనదు. రైతు ఆ బస్తాలని ఆరబెట్టుకోనైనా ఆరబెట్టుకోవాలి, ప్రైవేటు వ్యాపారి చెప్పిన రేటుకి ఇచ్చేయనైనా ఇచ్చేయాలి.

ఇప్పుడు ఇదే ఇంగ్లిష్‌లో చూస్తే.. 11 శాతం తేమ ఉన్న పత్తి 'వెరీ వెట్'. బాగా తడిగా ఉంది, రేటు తగ్గుతుంది, అయినా కొంటారు. 13 శాతం ఉన్న పత్తి 'టూ వెట్'. మరీ తడిగా ఉంది, కొనరు. ఈ రెండిటి మధ్య తేమలో తేడా రెండు శాతమే కావచ్చు. కానీ మొదటిది పత్తి ఎలా ఉందో చెబుతుంది. రెండోది తీర్పు చెబుతుంది. 'వెరీ' కొలుస్తుంది, 'టూ' గీత దాటిందని తేలుస్తుంది.

అన్నట్టు, ఆ గీత ఎక్కడుందో 'టూ' దానంతటదే చెప్పదు. సందర్భం చెప్పాలి. 13 శాతం తేమ సీసీఐకి 'టూ వెట్'. తక్కువ రేటుకి కొని తానే ఆరబెట్టుకునే వ్యాపారికి కాకపోవచ్చు. అందుకే ఇంగ్లిష్ వాక్యంలో 'టూ' రాగానే వినేవాళ్ల మనసులో ఓ ప్రశ్న పుడుతుంది.. "దేనికి? ఎవరికి?" అని. "మై గ్రాండ్‌ఫాదర్ ఈజ్ టూ ఓల్డ్" అని ఆపేస్తే ఎదుటివాళ్లు "టూ ఓల్డ్ ఫర్ వాట్?" అని ఎదురుచూస్తుంటారు. ప్రయాణానికా? ఆపరేషన్‌కా? పొలం పనికా? తాతకి తొంభై ఏళ్లని మాత్రమే చెప్పాలనుకుంటే 'వెరీ ఓల్డ్' అంటే సరిపోయేది.

తెలుగులో ఆ మాట లేదా? ఉంది.. దాని పేరు 'మరీ'

తెలుగువాళ్లకి ఈ తప్పు ఎందుకు వస్తుందంటే తెలుగులో రెండిటికీ 'చాలా' ఒక్కటే ఉందని కొందరు చెబుతుంటారు. అది సగం నిజమే. 'చాలా' నిజంగానే రెండు పక్కలా ఆడుతుంది. "టీ చాలా వేడిగా ఉంది" అంటే తాగొచ్చా, తాగకూడదా అన్నది చెప్పేవాళ్ల గొంతుని బట్టి, మొహాన్ని బట్టి తెలుసుకోవాలి. హిందీ, ఉర్దూల్లో 'బహుత్' కూడా ఇంతే. గొంతుతో చేయాల్సిన పనిని ఇంగ్లిష్ విడిగా ఓ మాటకి అప్పజెప్పింది. తేడా అక్కడుంది.

కానీ గీత దాటిందని కచ్చితంగా చెప్పాల్సి వచ్చినప్పుడు తెలుగు ఎప్పుడూ తడబడలేదు. "మరీ అంత కోపమా?", "మరీ పొడుగైంది, కొంచెం కత్తిరించు", "నువ్వు మరీ మొహమాటపడుతున్నావ్".. వీటిలో ఏ ఒక్కదాంట్లోనూ 'మరీ' తీసేసి 'చాలా' పెడితే పాత అర్థం రాదు. "అతి చేస్తున్నాడు", "ఓవర్ చేస్తున్నాడు", "శ్రుతి మించి రాగాన పడింది" అన్నవీ ఆ కోవలోవే.

ఇందులో ఓ ఆసక్తికరమైన సంగతి ఉంది. ఇంగ్లిష్ 'టూ'కి రెండు అర్థాలు.. ఒకటి 'కూడా', రెండోది 'మరీ'. "ఐ యామ్ కమింగ్ టూ" అంటే నేను కూడా వస్తున్నా. "ఇట్ ఈజ్ టూ ఫార్" అంటే మరీ దూరం. సంబంధం లేని ఈ రెండర్థాలు ఒకే మాటకి ఎలా వచ్చాయి? 'వైపు' అనే అర్థమిచ్చే చిన్న మాట 'టు'ని పాత ఇంగ్లిష్‌లో నొక్కి పలికితే 'దానికి తోడు, ఇంకా' అన్న అర్థం వచ్చేది. ఉన్నదానికి ఇంకా కలుపుతూ పోతే ఏమవుతుంది? ఎక్కువైపోతుంది. అలా 'ఇంకా' నుంచి 'మరీ ఎక్కువ' వచ్చింది. రాతలో రెండు 'ఓ'లతో 'టు' నుంచి వేరుపడింది 16వ శతాబ్దంలో.

తెలుగులోనూ అచ్చంగా ఇదే జరిగింది. 'మరి' అంటే ఇంకా, తర్వాత. దాంట్లోంచే రెండు విషయాల్ని కలిపే 'మరియు' వచ్చింది. ఆ 'మరి'నే సాగదీసి నొక్కితే 'మరీ'.. హద్దు దాటిన ఎక్కువ. వేల మైళ్ల దూరంలో, ఒకదానికొకటి చుట్టరికం లేని రెండు భాషలు ఒకే దారిలో నడిచి ఒకే చోటికి చేరాయి. కాబట్టి 'టూ' తెలుగువాళ్లకి పరాయి మాటేం కాదు. దానికి సరైన జోడీ 'చాలా' కాదు, 'మరీ' అని గుర్తుంటే చాలు.

'చాలు' అంటే గుర్తొచ్చింది.. 'చాలా' కథ కూడా చిన్నదేం కాదు. అది పుట్టింది 'చాలు' అనే క్రియ నుంచే. చాలడం అంటే సరిపోవడం. అంటే 'చాలా'లో మొదట ఉన్నది 'సరిపడా' అన్న భావం. అది పెరిగి 'ఎక్కువ' అయింది. తమిళంలోనూ పాత పద్యాల భాషలో 'సాల' అంటే మిక్కిలి అనే. ఇంగ్లిష్ 'వెరీ' మాత్రం ఫ్రెంచ్ వాళ్ల దగ్గర్నుంచి వచ్చింది. దాని అసలు అర్థం 'నిజమైన'. అంటే 'వెరీ గుడ్'లో దాక్కున్నది "నిజంగా మంచిది" అన్న మాట. తెలుగులో కూడా "నిజంగా బాగుంది" అంటే బాగా నచ్చిందనే కదా.

ఇక వరంగల్ జనం నోట్లో 'చాలా' కంటే ముందు పలికేది 'మస్తు'. "మస్తు ఎండ కొడుతున్నది", "సినిమా మస్తున్నది". ఇది పార్సీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట. అక్కడ 'మస్త్' అంటే మత్తులో ఉన్న అని అర్థం. నిజాం పాలనలో ఉర్దూ రాజభాషగా ఉన్న కాలం నుంచి ఇలాంటి మాటలు ఈ గడ్డ మీద తెలుగులో కలిసిపోయాయి. ఇదే ఓరుగల్లులో బతికిన కాళోజీ నారాయణరావు, జనం పలికే భాషనే రాయాలని జీవితాంతం పట్టుబట్టారు. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9నే తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ పలుకుబడిలోనే చూస్తే సంగతి ఇంకా తేలిక. "మస్తు ఎండ" అంటే 'వెరీ హాట్'. "మరీ గింత ఎండనా, బయటికి ఎట్ల పోవాలె" అంటే 'టూ హాట్'.

'టూ మచ్' దగ్గర ఎవరూ తప్పు చేయరు!

విచిత్రం ఏంటంటే తెలుగు మాట్లాడేటప్పుడు మధ్యలో 'టూ' వస్తే దాన్ని ఎవ్వరూ తప్పుగా వాడరు. "వీడు టూ మచ్ చేస్తున్నాడ్రా" అన్నప్పుడు అది పొగడ్త అని ఎవరైనా అనుకుంటారా? "టూ మచ్ కాదు, త్రీ మచ్" అని వెటకారం ఆడేవాళ్లకి హద్దు దాటడం అంటే ఏంటో బాగానే తెలుసు. పూర్తి వాక్యం ఇంగ్లిష్‌లో చెప్పాల్సి వచ్చేసరికే 'టూ' కాస్తా 'చాలా'గా మారిపోతుంది. 'వెరీ' మరీ మామూలుగా ఉందని, 'టూ' అంటే ఇంకాస్త గట్టిగా ఉంటుందని అనుకోవడమే దీనికి కారణం. గుడ్, వెరీ గుడ్, టూ గుడ్ అని మెట్లెక్కినట్టు లెక్కేస్తారు. కానీ 'టూ' పై మెట్టు కాదు, గోడ అవతల.

అలాగని 'టూ గుడ్' అన్న ప్రతిసారీ తప్పు పట్టాల్సిన పనిలేదు. దేశమంతటా కుర్రకారు మాటల్లో అది "అదిరిపోయింది" అన్న అర్థంలో స్థిరపడిపోయింది. ఇంగ్లిష్ సొంత భాషగా ఉన్నవాళ్లు కూడా ఎవరైనా సాయం చేస్తే "యూ ఆర్ టూ కైండ్" అంటారు. "నా అర్హతకి మించిన దయ" అని వినయంగా చెప్పడం అది. అక్కడా 'మించిన' అన్న భావం పోలేదు, గమనించాలి. ఫ్రెండ్స్ మధ్య, వాట్సాప్‌లో 'టూ గుడ్'తో ఏ నష్టం లేదు. ఉద్యోగం అప్లికేషన్‌లో, ఆఫీస్ మెయిల్‌లో, పరీక్షలో మాత్రం ఉంది.

ఎక్కడ దెబ్బ కొడుతుందంటే..

ఇంటర్వ్యూ చేసే అధికారి ముందు ఓ అభ్యర్థి "ద వర్క్ ఇన్ యువర్ కంపెనీ ఈజ్ టూ ఛాలెంజింగ్" అన్నాడనుకుందాం. అతని ఉద్దేశం పని సవాళ్లతో ఉంటుంది, అందుకే ఇష్టం అని. ఎదుటివాళ్లకి వినిపించేది.. ఈ పని నా వల్ల కాదు అని. పై చదువులకి విదేశాలకి వెళ్లే విద్యార్థి "ద ఫీ ఈజ్ టూ లో" అంటే ఫీజు తక్కువని ఆనందం కాదు, అనుమానం ధ్వనిస్తుంది. అంత తక్కువేంటి, ఏదో తేడా ఉంది అన్నట్టు. ఆస్పత్రిలో ఇది ఇంకాస్త సీరియస్. తెలుగు రాని డాక్టర్‌కి "ద పేషెంట్ ఈజ్ టూ వీక్" అని చెబితే, "టూ వీక్" అన్నది "ఆపరేషన్‌కి తట్టుకోలేనంత" అన్నట్టుగా చేరొచ్చు. నీరసంగా ఉన్నారని మాత్రమే చెప్పాలంటే 'వెరీ వీక్'.

ఐఈఎల్‌టీఎస్ లాంటి పరీక్షల్లో స్పీకింగ్‌కైనా, రైటింగ్‌కైనా నాలుగు అంశాల మీద మార్కులేస్తారు. మాటల ఎంపిక ఒకటి, వ్యాకరణం ఇంకొకటి. 'టూ'ని తప్పుగా వాడితే అర్థమే మారిపోతుంది కాబట్టి అది వినేవాళ్ల చెవిన పడకుండా పోదు. ఎస్సెస్సీ సీజీఎల్ టైర్-1లో ఇంగ్లిష్‌కి 25 ప్రశ్నలు, 50 మార్కులు. వాక్యంలో తప్పెక్కడుందో పట్టుకోమని అడిగే ప్రశ్నలకి 'వెరీ', 'టూ' తేడా మంచి ముడిసరుకు. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌లో ఇంగ్లిష్ పేపర్ క్వాలిఫై అయితే సరిపోయేదే. కానీ అందులో పాస్ కాకపోతే మిగతా పేపర్ల మార్కులకి విలువే ఉండదు.

'నాట్' కనపడదు.. కానీ ఉంటుంది!

టెన్త్ క్లాస్ గ్రామర్‌లో 'టూ.. టు' అని ఓ పాఠం ఉంటుంది. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. "హీ ఈజ్ టూ వీక్ టు వాక్". ఇందులో 'నాట్' ఎక్కడా లేదు. దాంతో "అతను నడవడానికి చాలా బలహీనంగా ఉన్నాడు" అని తెలుగు చేసేస్తారు. ఇది తెలుగూ కాదు, అర్థమూ కాదు. అసలు అర్థం.. "నడవలేనంత నీరసంగా ఉన్నాడు". కాదు, లేదు అన్న భావం 'టూ' లోపలే ఉంది. తెలుగులో ఆ 'లేనంత' బయటికి రావాల్సిందే.

'లేనంత', 'రానంత', 'కొననంత'.. ఈ ముక్క పట్టుకుంటే 'టూ.. టు' మొత్తం చేతికి వచ్చినట్టే. తాగలేనంత వేడి, "టూ హాట్ టు డ్రింక్". మోయలేనంత బరువు, "టూ హెవీ టు క్యారీ". నమ్మలేనంత బాగుంది, "టూ గుడ్ టు బీ ట్రూ". ఫోన్‌లో లాటరీ తగిలిందని మెసేజ్ వస్తే గుర్తు తెచ్చుకోవాల్సిన మాట ఇదే. మన పత్తి సంగతికొస్తే, "ద కాటన్ ఈజ్ టూ వెట్ టు బయ్".. కొననంత తడి. ఇదే వాక్యాన్ని 'సో.. దట్'తో రాస్తే దాగున్న 'నాట్' బయటపడుతుంది. "ద కాటన్ ఈజ్ సో వెట్ దట్ దే కెనాట్ బయ్ ఇట్". పరీక్షల్లో ఒకదాన్ని ఇంకోదాంట్లోకి మార్చమని అడిగినప్పుడు 'కెనాట్' మర్చిపోయి మార్కులు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ. 'టూ' ఉన్న వాక్యంలో 'నాట్' ఇరికించి పోగొట్టుకునేవాళ్లూ ఉన్నారు. "టూ వీక్ నాట్ టు వాక్" అనకూడదు.

దీనికి అటువైపు ఉండేది 'ఎనఫ్', అంటే సరిపడా. పత్తి 8 శాతం లోపుంటే "డ్రై ఎనఫ్ టు బయ్". 'టూ' విశేషణానికి ముందొస్తుంది, 'ఎనఫ్' వెనకొస్తుంది. "ఎనఫ్ డ్రై" అనరు.

2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియంని విస్తరించారు. అప్పుడే ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌గా రెండు భాషల పుస్తకాలు వచ్చాయి. ఇలాంటి 'లేనంత' వాక్యాలు నేర్పడానికి అంతకంటే మంచి వీలు ఉండదు. పిల్లలకి రూల్ చెప్పే ముందు రెండు పేజీలూ పక్కపక్కన చూపిస్తే, తెలుగులో 'లేనంత' ఉన్నచోట ఇంగ్లిష్‌లో ఏముందో వాళ్లే పట్టేస్తారు.

మరికొన్ని చిక్కులు

'మచ్', 'మెనీ' లేకుండా నేరుగా నామవాచకం ముందు 'టూ' రాదు. "టూ పీపుల్" అని పలికితే ఇద్దరు మనుషులు అని వినిపిస్తుంది, ఎందుకంటే రెండంకెకీ, దీనికీ ఉచ్చారణ ఒక్కటే. జనం మరీ ఎక్కువైతే "టూ మెనీ పీపుల్". నీళ్లు, ఉప్పు, డబ్బు లాంటి లెక్కపెట్టలేని వాటికి "టూ మచ్ సాల్ట్". 'టూ మచ్', 'మచ్ టూ' కూడా ఒకటి కాదు. "టూ మచ్ హీట్" అంటే వేడి మరీ ఎక్కువ. "మచ్ టూ హాట్" అంటే మరీ మరీ వేడి. మొదటిది నామవాచకం ముందు, రెండోది విశేషణం ముందు.

'వెరీ'కి కూడా ఓ హద్దుంది. పోల్చి చెప్పే మాటల ముందు అది పనిచేయదు. "వెరీ బెటర్" తప్పు, "మచ్ బెటర్" ఒప్పు. క్రియతోనూ నేరుగా కలవదు. "ఐ వెరీ లైక్ ఇట్" కాదు, "ఐ లైక్ ఇట్ వెరీ మచ్".

'నాట్ టూ' సంగతి వేరు. "హౌ ఆర్ యూ?" అంటే "నాట్ టూ బ్యాడ్" అంటారు. మరీ అంత అధ్వానంగా ఏం లేదు, అంటే తెలుగులో "పర్లేదు". ఇక "ఐ యామ్ ఓన్లీ టూ హ్యాపీ టు హెల్ప్" అన్నచోట అర్థం తిరగబడుతుంది. ముందు 'ఓన్లీ' ఉంటే 'టూ' అడ్డం కాదు, ఆహ్వానం. సాయం చేయడానికి సంతోషంగా సిద్ధం అని. కాబట్టి మెయిల్‌లో 'టూ హ్యాపీ' రాయాలని మనసు లాగితే దారి ఇదీ.. ముందు 'ఓన్లీ' పెట్టాలి, వెనక ఏం చేయడానికో చెప్పాలి.

చివరగా 'కూడా' అర్థంలో వచ్చే 'టూ'. ఇది సాధారణంగా వాక్యం చివర కూర్చుంటుంది. "మై సిస్టర్ స్టడీడ్ ఇన్ హన్మకొండ టూ". అయితే వాక్యంలో 'నాట్' ఉంటే దీని చోటు 'ఈదర్'ది. "నాకు కూడా తెలియదు" అనడానికి "ఐ డోంట్ నో టూ" అనడం తెలుగువాళ్లకి బాగా అలవాటు. సరైనది "ఐ డోంట్ నో ఈదర్". తెలుగులో 'కూడా' అవునన్నా, కాదన్నా ఒకేలా ఉంటుంది కాబట్టి ఈ తేడా చెవికి అందడానికి కొంత టైమ్ పడుతుంది.